కొలెస్ట్రాల్ నియంత్రణ: చరిత్ర

కొలెస్ట్రాల్ మైనంలాంటి కొవ్వు పదార్థం. కణపొరలకు, కొన్ని హార్మోన్లకు, పైత్యరసానికి ఇది అవసరం. అందులో ఎక్కువ భాగం శరీరంలోనే తయారవుతుంది. రక్తంలో దీన్ని మోసుకెళ్లే ఎల్‌డీఎల్ రేణువులు ఎక్కువైతే ధమనుల గోడల్లో చేరి పూడికలు కడతాయి. గుండెపోటుకు ప్రధాన కారణాల్లో ఇదొకటి.

18వ శతాబ్దంలో పిత్తాశయపు రాళ్లలో కనిపించిన ఈ పదార్థాన్ని గుండెజబ్బుతో ముడిపెట్టడానికి చాలాకాలం పట్టింది. పూడుకుపోయిన ధమనుల్లో ఇది మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుందని 1910లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ విండాస్ చూపారు. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్కొవ్ పొద్దుతిరుగుడు నూనెలో కరిగించిన కొలెస్ట్రాల్‌ను కుందేళ్లకు తినిపించగా, వాటి ధమనుల్లో కొవ్వు పేరుకుంది. ఎలుకలు, కుక్కల్లో ఈ ఫలితం రాలేదు. అవి అదనపు కొలెస్ట్రాల్‌ను సులువుగా పైత్య ఆమ్లాలుగా మార్చేసుకుంటాయి. ఈ సంగతి అప్పటికి తెలియక, గడ్డి మేసే కుందేలును చూసి మనిషి జబ్బు గురించి ఏం చెప్పగలమని చాలామంది ఆ ప్రయోగాన్ని పక్కనపెట్టేశారు. అలా కొన్ని దశాబ్దాలు వృథా అయ్యాయి.

మనుషుల్లో గట్టి ఆధారం అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో దొరికింది. 1948లో 5,209 మందితో మొదలైన అక్కడి అధ్యయనం, అధిక కొలెస్ట్రాల్‌, రక్తపోటు గుండెజబ్బు ముప్పును పెంచుతాయని 1961లో ప్రకటించింది. కానీ తగ్గించే మందేది? అప్పటికే అమ్మకంలో ఉన్న ట్రైపరనాల్ కంటిలో శుక్లాలు తెచ్చిపెట్టడంతో 1962లో దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

దారి చూపింది ఒక బూజు. టోక్యోలోని శాంక్యో సంస్థలో అకిరా ఎండో 1971 నుంచి వేలాది బూజు రకాలను పరీక్షించారు. శరీరంలో కొలెస్ట్రాల్ తయారీకి కీలకమైన ఎంజైమును అడ్డుకునే పదార్థం, క్యోటోలోని ఒక ధాన్యం కొట్టు బియ్యంపై పెరిగిన పెన్సిలియం బూజులో 1973లో బయటపడింది. ఇక్కడా ఎలుకలే అడ్డుపడ్డాయి: వాటిలో మందు పనిచేయలేదు. 1976లో గుడ్లు పెట్టే కోళ్లకు ఇస్తే మాత్రం కొలెస్ట్రాల్ దాదాపు సగానికి తగ్గింది. ఆ మందు బజారుకు రాలేదు గానీ, అదే కోవకు చెందిన లోవాస్టాటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి లభించింది. ఎల్‌డీఎల్‌ను కణాల్లోకి తీసుకునే గ్రాహకాలను కనుగొన్న మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు అంతకు రెండేళ్ల ముందే నోబెల్ బహుమతి దక్కింది. లోవాస్టాటిన్ కోవకు చెందిన మందులతో, అంటే స్టాటిన్లతో, ఈ గ్రాహకాలు పెరిగి, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాగేస్తాయి.

మందుతో కొలెస్ట్రాల్ తగ్గిస్తే ప్రాణాలు నిలుస్తాయా అన్న సందేహాలను చాలావరకు తీర్చింది 1994 నాటి స్కాండినేవియా పరీక్ష. 4,444 మంది గుండెరోగుల్లో సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్ మరణాలను 30 శాతం తగ్గించింది. అయితే స్టాటిన్లన్నీ నిరపాయకరమని తేలలేదు. కండరాలను తీవ్రంగా దెబ్బతీసిన సెరివాస్టాటిన్‌ను 2001లో ఉపసంహరించారు. ఆహారం విషయంలోనూ దృష్టి మారింది. రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ దాటకూడదన్న పరిమితిని అమెరికా ఆహార మార్గదర్శకాలు 2015లో ఎత్తేశాయి. నెయ్యి, వెన్న, డాల్డా వంటి వాటిలోని సంతృప్త, ట్రాన్స్ కొవ్వులే ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా పెంచుతాయి కాబట్టి గుడ్డు మీద పడ్డ నింద కొంత తగ్గింది. స్టాటిన్లు చాలని వారికి పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు 2015 నుంచి అందుబాటులోకి వచ్చాయి.

భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సామాన్యులకు ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు, అత్యధిక ముప్పున్నవారికి 55 లోపు ఉండాలి.