టోయింగ్ బండికి గేర్‌బాక్స్ మార్పిడి

కాజీపల్లి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతాల్లో ఆగిపోయిన లారీలను లాగే రికవరీ బండికి ఇంజన్, గేర్‌బాక్స్ మార్చాల్సి వచ్చినప్పుడు తేల్చుకోవలసిన విషయం: మాన్యువలా, ఆటోమేటిక్కా?

మాన్యువల్‌లో కదిలే తొలి క్షణపు భారమంతా క్లచ్‌దే. వెనక లోడు లారీ, ముందు ఎత్తు. హాఫ్ క్లచ్‌లో బండి అంగుళం అంగుళం జరుగుతుంటే ప్లేటు లైనింగ్ మాడి ఘాటైన వాసన వస్తుంది. అప్పటికీ ఆపకపోతే ఫ్లైవీల్ ముఖం నీలం తిరుగుతుంది. ఆటోమేటిక్‌లో ఈ పని టార్క్ కన్వర్టర్‌ది. నూనె ప్రవాహంతో శక్తిని అందిస్తూ, కదిలేటప్పుడు ఇంజన్ టార్క్‌ను సుమారు 2 రెట్లు చేస్తుంది. డ్రైవరు మోకాలికీ విశ్రాంతే. అయితే కన్వర్టర్‌లోని జారుడంతా నూనెలో వేడిగా మారుతుంది. విడిగా ఆయిల్ కూలర్ పెట్టకుండా బరువులు లాగించడమంటే చేజేతులా గేర్‌బాక్స్‌ను పాడుచేసుకోవడమే.

బిగింపు దగ్గర అసలు తేడా తెలుస్తుంది. ఆటోమేటిక్‌కు ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, మౌంటింగులు, వైరింగు, కంట్రోల్ యూనిట్ అన్నీ ఇంజన్‌తోనూ బండితోనూ కుదరాలి. ఒకే బండి నుంచి మొత్తం సెట్టు దొరికితేనే దాని జోలికి వెళ్లాలి. లేకుంటే బరువుకు తగిన క్లచ్‌తో మాన్యువలే మేలు. ప్లేటు అరిగితే మామూలు షెడ్డులోనే మార్చుకోవచ్చు.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన దానికి ఆర్‌సీ వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది కనుక విప్పకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగాలి.