వలస కూలీ లెక్క: పాస్‌బుక్కు నుంచి పోర్టల్ దాకా

సొంతూళ్లో రేషన్ కార్డు ఉండేది, మనిషి ఉండేవాడు కాదు. పనిచేసే ఊళ్లో మనిషి ఉండేవాడు, కార్డు చెల్లేది కాదు. వలస కూలీని తరాలుగా వేధించిన చిక్కు ఇదే.

ఒడిశాలో దాదన్ కూలీలు, మన దగ్గర పాలమూరు లేబరు మేస్త్రీల అడ్వాన్సులు తీసుకుని దూరాలకు పోయేవారు. ముఖ్యంగా దాదన్ కూలీల దుస్థితి చూసే పార్లమెంటు 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. అయిదుగురు, ఆపైన కూలీలను తెచ్చే కంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలని, ఒక్కొక్కరికీ ఫోటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలని, వివరాలు రెండు రాష్ట్రాల అధికారులకూ పంపాలని అది చెప్పింది. ఉద్దేశం మంచిదే. కానీ కూలీల సంఖ్య దాస్తే లాభపడేవాడికే ఆ లెక్క రాసే పని అప్పగించారు! తనంతట తాను రైలెక్కి వచ్చినవాడైతే ఆ చట్టం కిందికే వచ్చేవాడు కాదు.

దాని ఫలితం 2020 లాక్‌డౌన్‌లో రోడ్ల మీద కనిపించింది. దారిలో ఎంతమంది వలస కూలీలు చనిపోయారో లెక్క లేదని ఆ సెప్టెంబరులో కేంద్ర కార్మిక శాఖ పార్లమెంటుకు చెప్పింది. చావులకు కూడా లెక్క లేకపోవడం కన్నా ఘోరం ఏముంటుంది?

అప్పటికే ఒక మంచి పని మొదలై ఉంది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య రేషన్ కార్డు పరస్పరం చెల్లేలా చేశారు. ఈ-పోస్ యంత్రం మీద వేలు పెడితే ఆ నెల సరుకు ఇంకెక్కడైనా తీసుకున్నారా అన్నది కేంద్ర జాబితాలో తెలిసిపోతుంది. కూలీ తన వంతు పట్నంలో తీసుకున్నా, మిగిలింది ఊళ్లో భార్యాపిల్లలు తెచ్చుకోవచ్చు. 2022 జూన్‌లో అస్సాం కూడా చేరడంతో ఇది దేశమంతటికీ వచ్చింది.

సుప్రీంకోర్టు గట్టిగా అడగ్గా 2021 ఆగస్టు 26న ఈ-శ్రమ్ పోర్టల్ మొదలైంది. ఇందులో కంట్రాక్టరు ప్రమేయం లేదు. కూలీయే పేరు రాయించుకుంటే 12 అంకెల నంబరు వస్తుంది. ఇప్పటికి నమోదు 30 కోట్లు దాటింది.

ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఈ-శ్రమ్‌లో పేరుండి రేషన్ కార్డు లేనివారు సుమారు 8 కోట్ల మంది! కార్డే లేనివాడికి అది ఏ రాష్ట్రంలో చెల్లితే ఏం లాభం? వారికి కార్డులివ్వాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా పని సాగలేదు. ఆహార భద్రతా చట్టం కోటా ఇప్పటికీ 2011 జనాభా లెక్కల మీదే, 81.35 కోట్ల దగ్గరే ఆగి ఉంది. కోటాతో నిమిత్తం లేకుండా ఇవ్వాలని 2024 మార్చిలో కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

కూలీల పేర్లు లేవన్న సాకు ఇక చెల్లదు. 2027 జనగణన అంకెల కోసం చూడకుండా, జాబితాకెక్కిన అర్హులందరికీ ప్రభుత్వాలు ఇప్పుడే కార్డులివ్వాలి.