మేడారం బండ్ల బాట – చివరి మజిలీ

తెలుగులో యాత్రాచరిత్ర అనగానే మనమంతా ఏనుగుల వీరాస్వామయ్య పేరు తలుస్తాం. తలవవలసిందే. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, కుటుంబాన్నీ పరివారాన్నీ వెంటబెట్టుకొని, పల్లకీలతో బోయీలతో కాశీదాకా వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరిన మనిషి ఆయన. ఏ ఊళ్ళో దిగడానికి వసతి ఉంది, ఏ బాట ఎట్లా ఉంది అన్న వివరాలు మజిలీ మజిలీకీ రాసిపెట్టాడు గనుకనే 1838లో అచ్చయిన ఆ పుస్తకం ఈనాటికీ మనకు పనికివస్తున్నది. కర్నూలు మీదుగా హైదరాబాదు చేరిన వీరాస్వామయ్య అక్కడినుంచి ఉత్తరంగా నాగపూరు దారి పట్టాడు. ఓరుగల్లు ఆయన బాటకు తూర్పున ఉండిపోయింది.

ఆ తూర్పు దిక్కునే తరతరాలుగా మరొక కుటుంబయాత్ర సాగుతూ వచ్చింది. రెండేళ్ళకొకసారి, మాఘశుద్ధ పౌర్ణమి నాటికి, ఇంటిల్లిపాదీ గూడు కట్టిన ఎడ్లబండి ఎక్కి మేడారం సమ్మక్క సారలమ్మల జాతరకు వెళ్ళేవారు. ఆ యాత్రికులలో రాయగలిగినవారు తక్కువ, రాసినవారు ఇంకా తక్కువ. వాళ్ళు పుస్తకం రాయలేదు గాని పిల్లలకు పేర్లు పెట్టారు. వరంగల్లు చుట్టుపక్కల ఏ ఊరి ఓటర్ల జాబితా తిరగేసినా సమ్మయ్యలూ సారయ్యలూ, సమ్మక్కలూ సారక్కలూ వరసగా కనిపిస్తారు. మొక్కి కన్న బిడ్డలు కొందరు, మొక్కిన తాతల పేర్లు మోసేవారు కొందరు. ఆ పేర్ల వెనుక ఒక్కొక్క బండి ప్రయాణం ఉంది.

ఆ బండి సంగతి కాస్త తీరికగా చెప్పుకోవాలి. మా వైపు దానిని కచ్చురం అంటారు. మామూలు ఎడ్లబండి మీదనే వెదురుబద్దలు వంచి గూడు కట్టి, తడకలో చాపలో పరచి, లోపల వరిగడ్డి మెత్తగా వేసి దాని మీద బొంత పరిస్తే పిల్లలకూ ముసలివారికీ అదే ఇల్లు. సంక్రాంతికి చేసిన సకినాలలో కొన్ని ఇందుకోసమే దాచేవారు. బియ్యం, పప్పు, వంటగిన్నెలు, ఎడ్లకు ఉలవలు, ఇరుసుకు పూయడానికి కందెన, గూటికి వేలాడే లాంతరు, మొక్కు కోళ్ళు, అన్నిటికంటె పదిలంగా ‘బంగారం’. మేడారంలో బంగారమంటే బెల్లమని తెలియని చదువరులుండవచ్చు. మొక్కుకున్న మనిషి ఎంత బరువో అంత బెల్లం తల్లులకు సమర్పిస్తే అది నిలువెత్తు బంగారం. ఒక బిడ్డ బరువు బెల్లం సరే, ఒక కాపు బరువు బెల్లం బండిలో ఉంటే, ఆ మేరకు కొందరు దిగి నడవవలసిందే! అందుకే వయసులో ఉన్నవారు బండి పక్కన నడిచేవారు.

ఈ ప్రయాణానికి మాఘమాసాన్ని ఎంచుకున్నది ఎవరో గాని గట్టి లెక్క తెలిసినవారు. అప్పటికి వానాకాలపు పంట ఇంటికి చేరుతుంది. కళ్ళంలో పని తీరి ఎడ్లు ఖాళీగా ఉంటాయి. వాగులలో నీరు బండి చక్రం మునగనంతగా తగ్గుతుంది. ముఖ్యంగా, పౌర్ణమికి చేరవలసిన యాత్ర గనుక బయలుదేరడం శుక్లపక్షంలోనే. రాత్రి రాత్రికీ వెన్నెల పెరుగుతుంటుంది. దూరం నుంచి వచ్చే బండ్లు వారం ముందే కదిలినా, అడవి చొచ్చే చివరి మజిలీ నాటికి చంద్రుడు దాదాపు నిండుగా ఉంటాడు. ఎండపూట చెట్టు నీడన ఎడ్లను విప్పి, చల్లబడ్డాక కాడి కట్టి, అర్ధరాత్రి దాకా నడిపించే ప్రయాణానికి ఇంతకన్న అనువైన రోజులు ఏడాదిలో దొరకవు. పంచాంగమూ వ్యవసాయమూ ఇంత చక్కగా కలిసిన జాతరలు తక్కువే అనుకుంటాను.

హనుమకొండ నుంచి మేడారానికి సుమారు వంద కిలోమీటర్లు. ఎడ్లు రోజుకు పాతిక నడిస్తే నాలుగు రోజులు. కరీంనగరం దిక్కునుంచి వచ్చేవారికి ఇంకా ఎక్కువ. ఊరి బండ్లన్నీ ఒక వరసలో సాగేవి. ఒకరి ఇరుసు విరిగితే అందరూ ఆగేవారు. ములుగు సగం దారి. అక్కడ బాట పక్కన గట్టు మీద గట్టమ్మ తల్లి ఉంది. మేడారం పోయే ప్రతి బండీ అక్కడ ఆగి, మొదటి కొబ్బరికాయ ఆమెకు కొట్టి గాని ముందుకు కదలదు. గట్టమ్మ పూజారులు నాయకపోడులు. జాతరకు ముందు ఎదురుపిల్ల పండుగ చేసేదీ వారే. గట్టమ్మ సమ్మక్కకు అంగరక్షకురాలని, యుద్ధంలో ఆమె కోసం ప్రాణమిచ్చిందని చెప్పుకుంటారు. ఆ మాట ఎట్లా ఉన్నా, ఊళ్ళ దేశం ముగిసి అడవి దేశం మొదలయ్యే చోట ఒక కావలి తల్లి ఉండడం అర్థవంతంగానే తోస్తుంది.

గట్టమ్మను దాటాక ఈ బాటకు ఒకవైపు రామప్ప, మరికొంత ముందుకు పోతే లక్నవరం. రామప్ప గుడి 1213లో, గణపతిదేవుని కాలంలో, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినది. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది. గుడి పక్కన చెరువూ ఆ కాలపుదే. సమ్మక్క కాకతీయ సైన్యంతో పోరాడి ఒరిగిన వీరనారి. ఆమె జాతరకు పోయే బాటలో పచ్చగా కనిపించే పొలాలేమో కాకతీయులు తవ్వించిన చెరువుల నీటితో పండినవి. ఎడ్ల మేతకు ఆ వరిగడ్డే, మనుషులకు ఆ బియ్యమే. చరిత్రలో ఇటువంటి వింతలు కోకొల్లలు.

పస్రా దగ్గర పెద్దబాట వదిలి నార్లాపూర్ మీదుగా అడవిలోకి తిరిగితే అదే చివరి మజిలీ. రాళ్ళూ మోళ్ళూ ఉన్న బాట. ముందు బండి దుమ్ము వెనుక బండిలోకి. గొంతులో పాట, ఎడ్ల మెడలో గంట తప్ప మరొక చప్పుడు లేదు. ఆ మజిలీ జంపన్నవాగు ఒడ్డున ముగుస్తుంది. పూర్వం సంపెంగవాగు అనేవారట. సమ్మక్క కొడుకు జంపన్న యుద్ధంలో గాయపడి ఈ వాగులో దూకి ప్రాణం విడిచాడని, నీరు ఎర్రబారిందని, అప్పటినుంచి అతని పేరే వాగుకు నిలిచిందని కథ. అందులో స్నానం చేసి గాని గద్దెల దగ్గరికి పోరు. దాటాక కాడి దించి, నొగలు నేలకు ఆనించి, బండికీ చెట్టుకూ మధ్య దుప్పటి కడితే మూడు నాలుగు రోజుల కాపురం అక్కడే. ముందటి జాతరలో ఏ చెట్టు కింద దిగారో మళ్ళీ అక్కడే దిగాలన్న పట్టుదల కొన్ని కుటుంబాలకు ఉండేదని పెద్దలు చెప్పగా విన్నాను.

ఇంతకూ నేను చెప్పదలచిన సంగతి ఇది. మేడారానికి ప్రయాణం చేసి వచ్చేది భక్తులొక్కరే కారు. అక్కడి దేవతలూ బాటసారులే. మేడారంలో విగ్రహం లేదు, గర్భగుడి లేదు. ఉన్నవి గద్దెలే. జాతరలో బుధవారం నాడు కన్నెపల్లి నుంచి కూతురు సారలమ్మ వస్తుంది. పూనుగొండ్ల నుంచి భర్త పగిడిద్దరాజును పెనక వంశపు పూజారులు అడవి దారిన కాలినడకన, నడుమ రాత్రి మజిలీ చేస్తూ తీసుకువస్తారు. కొండాయి నుంచి గోవిందరాజు వస్తాడు. గురువారం సాయంత్రం చిలకలగుట్ట నుంచి తల్లి సమ్మక్క కుంకుమభరిణె రూపంలో దిగివస్తుంది. అప్పుడు జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం పలకడం, జనం ఎదురుకోళ్ళు ఎగరవేయడం, దారిలో వరాలు పట్టడం అన్నీ ఉంటాయి. ఒకే కుటుంబంలోనివారు తలొక ఊరినుంచి నడిచి వచ్చి, కొద్దిరోజులు ఒకచోట ఉండి, శనివారం నాడు ఎవరి దారిన వారు వనప్రవేశం చేస్తారు. గద్దె వారికి ఇల్లు కాదు, విడిది. చెట్టు కింద కచ్చురం విప్పి దిగిన సంసారానికీ గద్దె మీద దిగిన సంసారానికీ ఉన్న పోలిక ఆ బండ్లవారికి ఎవరూ విప్పి చెప్పనక్కరలేకపోయింది.

కథ మొదలు కూడా ప్రయాణమే. ఒక కథనం ప్రకారం, జగిత్యాల దగ్గరి పొలవాసను ఏలిన మేడరాజుకు వేటలో పులుల నడుమ దొరికిన పసిబిడ్డ సమ్మక్క. కాకతీయుల దాడికి నిలవలేక మేడరాజు మేడారం అడవికి తరలివచ్చాడు. అక్కడి కోయదొర పగిడిద్దరాజు, కరువుకాలంలో కప్పం కట్టలేనన్నందుకు ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. మన పాఠ్యపుస్తకాల అలవాటు కొద్దీ ప్రతాపరుద్రుడనగానే 1323లో ఢిల్లీ సేనలకు చిక్కిన చివరి కాకతీయుడే గుర్తుకు వస్తాడు. చాలామంది అలాగే రాస్తారు. కాని వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనం చూడండి. అందులో రుద్రదేవుడు తాను గెలిచినవారిలో మేడరాజును చెప్పుకున్నాడు. ఈ రుద్రదేవునికే మొదటి ప్రతాపరుద్రుడని కూడా పేరు. పొలవాస కథలోని మేడరాజు, శాసనంలోని మేడరాజు ఒకరే అయితే, ఈ యుద్ధం మనం అనుకున్నదానికంటె నూరేళ్ళకు పైగా వెనక్కు జరుగుతుంది. శాసనంలో సమ్మక్క పేరు లేదు నిజమే. గెలిచినవాడు చెక్కించిన రాతిలో ఓడినవాని ఆడబిడ్డ పేరు వెదకడం మన అత్యాశ. నా మటుకు నాకు రుద్రదేవుని పక్షమే బలంగా కనిపిస్తున్నది. కాదనేవారు తమ వాదం వినిపిస్తే సంతోషం.

ఆమె పేరు రాతిలో లేకపోయినా పాటలో ఉంది. కోయల పూర్వకథలు పాడే డోలీవారి గొంతులో ఉంది. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య ఈ కథను కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవారు. మణుగూరు దగ్గరి కూనవరం ఆయనది. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆ పాట తెలిసినవారు వేళ్ళమీద లెక్కించేంతమంది. బండ్ల బాటకు ఆ పాటివారు కూడా లేరు.

బాట కుదించుకుపోయిన తీరు చెప్పడం సులువే. 1889 నాటికి హైదరాబాదు, బెజవాడల నడుమ రైలు వరంగల్లు మీదుగా నడిచింది. దూరదేశం వారికి వరంగల్లు దాకా బండి అవసరం తీరింది. 1932లో నిజాం రాష్ట్రపు రైల్వేవారే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. పోను పోను అడవిలోకి తారురోడ్డు, జంపన్నవాగు మీద వంతెన. 1996లో రాష్ట్ర పండుగ హోదా. ముల్లకట్ట దగ్గర గోదావరి మీద 2016లో వంతెన తెరిచాక ఛత్తీస్‌గఢ్ వైపునుంచి వచ్చేవారికీ ఏటి ఇసుకలో నడిచే పని తప్పింది. అదే ఏడాది మేడారం వరంగల్లు జిల్లానుంచి భూపాలపల్లి జిల్లాకు, 2019లో ములుగు జిల్లాకు మారింది. నాలుగు రోజుల బాట మూడు గంటలయింది. ఇది చెడ్డదని నేననను. కానుపు కష్టమైన ఆడమనిషి, పాము కరిచిన పిల్లవాడు అడవిలో చిక్కుకుంటే ఆ నాలుగు రోజుల అందం ఎవరికి కావాలి? ఇప్పటికీ కొన్ని కచ్చురాలు వస్తూనే ఉన్నాయి గాని, వాటిని జనం ఆగి ఫొటో తీసుకుంటున్నారంటేనే సంగతి అర్థమవుతుంది. మోటారు బండ్లు మాత్రం గట్టమ్మ దగ్గర ఈనాటికీ ఆగుతాయి. డ్రైవరు దిగి కొబ్బరికాయ కొట్టి, ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి బండి కదిలిస్తాడు. కన్నెపల్లి పూజారులు సైతం సారలమ్మను తీసుకువచ్చేటప్పుడు వంతెన ఎక్కరు. వాగులో దిగి నడుస్తారు.

పూజారుల దారి ఈ విధంగా నిలిచింది. దానికి ఆచారం కాపలా ఉంది. పక్కనే నడిచిన వేలాది కుటుంబాల దారికి కాపలా ఎవరూ లేరు. ఏ ఊరివారు ఏ చెరువు గట్టున దిగేవారు, ఏ ఊళ్ళో ఎడ్లకు మేత ఇచ్చేవారు, ఎవరిని తమ బావి దగ్గరికి రానిచ్చేవారు, ఎవరిని రానిచ్చేవారు కారు (ఈ చివరి ప్రశ్న అడగడానికి మనం తటపటాయిస్తాం, కాని అడగాలి) ఇవన్నీ ఆ గూటిలో కూర్చుని వెళ్ళిన పిల్లలకు తెలుసు. ఆ పిల్లలకు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. తెలంగాణలో ఇళ్ళున్న మిత్రులకు ఒక మనవి. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు మీ అమ్మమ్మనో పెదనాన్ననో పక్కన కూర్చోబెట్టుకొని అడగండి: ఎన్ని బండ్లు కలిసి పోయారు, ఎన్ని రాత్రులు పట్టింది, వాగు దాటేటప్పుడు బండిలో ఎవరున్నారు, ఎవరు నడిచారు, ఏ చెట్టు కింద దిగారు. తేదీ గుర్తులేకపోతే ఆ ఏడు ఇంట్లో ఎవరు పుట్టారో అడగండి. జాతర రెండేళ్ళకోసారి గనుక సంవత్సరం మనమే తేల్చుకోవచ్చు.