రైఫిల్ కర్ర నేర్పే పాఠాలు

మన పెద్దతరం సైనికుల్లో చాలామందికి భుజాన మొదట ఆనినది .303 లీ-ఎన్‌ఫీల్డే. ఆ రైఫిళ్ళు పోలీసుల దగ్గర దశాబ్దాలపాటు ఉండిపోయాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు వీడ్కోలు చెప్పింది 2020లో. రిటైరయ్యాక టార్గెట్ షూటింగ్‌లోకి దిగిన మిత్రులు సొంతంగా కర్ర స్టాక్ చేయించుకోవాలంటే ఏ డిజైన్ మంచిదని అడుగుతుంటారు. జవాబు చాలావరకు ఆ పాత రైఫిల్ చరిత్రలోనే దొరుకుతుంది.

మొదటి పాఠం కొలత. 1907 నాటి మార్క్ 3 నమూనాలో బట్ వేరు, ముందుకర్ర వేరు. బట్‌ను లోపలినుంచి ఒక పొడవాటి బోల్టు బిగించి ఉంచుతుంది. కాబట్టి మనిషిని బట్టి బట్ మార్చే వీలుండేది. మామూలు పొడవుతోపాటు లాంగ్, షార్ట్, బాంటమ్ సైజులుండేవి. లక్షల్లో తయారైన సర్కారీ ఆయుధానికే అంత పట్టింపు ఉన్నప్పుడు, ఒక్క మనిషికోసం చెక్కే స్టాక్‌కు ఇంకెంత ఉండాలి!

రెండవది బారెల్‌కూ కర్రకూ ఉన్న పొత్తు. ఆ రైఫిల్‌లో కర్ర మూతి దాకా వెళ్తుంది. యుద్ధానికి అది మంచిదే: చేయి కాలదు, బారెల్‌కు దెబ్బ తగలదు. కానీ కర్ర వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. బారెల్‌ మీద ఒత్తిడి మారితే గుండు తగిలే చోటూ మారుతుంది. అందుకే 1890 నుంచి ఇంగ్లండులోని బిజ్లీ రేంజిలో జరిగిన పోటీల్లో ముందుకర్రను సరిగ్గా అమర్చడమే ఒక విద్య అయింది. తర్వాత, 1970 ప్రాంతంలో వచ్చిన ఎల్39ఎ1 టార్గెట్ రైఫిల్‌లో ముందుకర్రను పొట్టిగా కోసేశారు. మనం చేయించుకునే దాంట్లోనూ బారెల్ కర్రను తాకకూడదు.

మూడవది చెక్క. ఆస్ట్రేలియాలోని లిత్గో ఫ్యాక్టరీ కోచ్‌వుడ్ వాడినప్పుడు, రైఫిల్ తన్నుడు పడే చోట రాగి రేకులు అమర్చింది. ఇషాపూర్‌లో ముందుకర్ర చీలకుండా అడ్డంగా ఒక మర బిగించారు. అంటే చెక్క అందం కంటే తన్నుడు పడే చోటే ముఖ్యం. బాగా ఆరిన, నార తిన్నగా ఉన్న వాల్‌నట్ దొరికితే అంతకన్నా మేలేముంది?

ఇక నిబంధనలు. బొటనవేలు దూర్చే రంధ్రమున్న స్టాక్ పట్టుకు హాయిగా ఉంటుంది. 50 మీటర్ల రైఫిల్‌లో అది చెల్లుతుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో చెల్లదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ ఎయిర్ రైఫిల్ పోటీలోనే. ఎయిర్ రైఫిల్ బరువూ 5.5 కిలోలు దాటకూడదు. పోటీ ఏదో తేల్చుకోకుండా ఉలి పట్టిస్తే మంచి కర్ర, నెలల శ్రమ వృథా.

కనుక వరుస ఇది: ముందు పోటీ, తర్వాత పొజిషన్, ఆ తర్వాత మన ఒళ్ళు, చివరికి అందం. పడుకుని మాత్రమే కాల్చేవారికి స్లింగ్ పట్టీ ముందుకూ వెనక్కూ జరిపే వీలు కావాలి. నిలబడి కాల్చేవారికి ముందుకర్ర లోతుగా ఉంటే ఎడమచేతికి ఆసరా. రెండూ చేసేవారు జరుపుకునే బట్‌ప్లేట్, చెంప ఆనే ముక్క పెట్టించుకోవాలి. మొదట చవక చెక్కతో నమూనా చేయించి, కొన్నాళ్ళు రేంజిలో వాడి, నచ్చిన కొలతలు రాసుకున్నాకే వాల్‌నట్ కోయించండి. లైసెన్సులో ఉన్న రైఫిల్ ఇనుప భాగాల జోలికి మాత్రం వడ్రంగిని పోనివ్వకండి.

సర్వీసులో ఇచ్చిన రైఫిల్‌కు మనమే అలవాటు పడ్డాం. ఇప్పుడు రైఫిల్‌ను మనకు అలవాటు చేసుకునే అవకాశం వచ్చింది, తొందరపడి పోగొట్టుకోవద్దు.