కర్ట్ ఫ్లడ్: ఒక ఆటగాని వ్యాజ్యం

ఆటస్థలంలో గెలుపోటములు ప్రొద్దు గ్రుంకేలోగా తేలిపోతవి. న్యాయస్థానంలో ఓడినవాడు నిజంగా ఓడినాడా అన్నది తేలడానికి మాత్రం ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టుతుంది. అమెరికాలో బేస్‌బాల్ ఆడి పేరు గడించిన కర్ట్ ఫ్లడ్ చరిత్ర ఇందుకు నిదర్శనం. ఒడంబడిక గడువు తీరిన ఆటగాడు తనకు నచ్చినచోట పని వెదకుకొనవచ్చునా అన్న ఒక్క ప్రశ్నతో అతడు ఆ దేశపు సుప్రీంకోర్టు దాకా పోయి ఓడిపోయినాడు. నాలుగేండ్లు తిరగకముందే అతడు కోరిన స్వేచ్ఛ తక్కిన ఆటగాండ్రకు దక్కినది. ఆ కథను మేము ఇక్కడ సంగ్రహంగా చెప్పదలచినాము.

బేస్‌బాల్ మన శ్రోతలలో చాలమందికి క్రొత్త. క్రికెట్టులో వలెనే ఇందులోను ఒకడు బంతి విసరుతాడు, మరొకడు కొట్టుతాడు. కొట్టినవాడు ఒక చతురస్రపు నాలుగు మూలలను చుట్టి మొదటి చోటికి చేరితే జట్టుకు ఒక పరుగు. ఆ చతురస్రానికి ఆవలనున్న పచ్చిక బయలును ముగ్గురు కాపు కాస్తారు. వారిలో నడిమివానిపై భారం ఎక్కువ. చేతికి తోలు తొడుగు వేసుకొని, బ్యాటు తగిలిన క్షణాననే బంతి ఎంత దూరం పోగలదో అంచనా కట్టి, పరుగెత్తి, నేల తాకకముందే పట్టుకోవాలి. ఫ్లడ్ నిలిచినది ఆ నడిమి స్థానంలోనే.

అతడు 1938 జనవరి 18న టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో పుట్టి, కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో పెరిగినాడు. 1956లో సిన్సినాటి జట్టువారు అతనిని చేర్చుకొని, అనుభవం కోసం దక్షిణ రాష్ట్రాల చిన్న జట్లకు పంపినారు. అతడు నల్లజాతివాడు. తెల్లవారైన సహచరులు భోజనశాలలో కూర్చుండి తింటూ ఉంటే అతనికి ఆ గడప దాటే హక్కు లేదు. ఒకనాడు రెండు ఆటల నడుమ విరామంలో, తక్కినవారితోపాటు తన తడిసిన దుస్తులను కుప్పలో వేయగా, పనివాడు వాటిని కర్రకొసతో ఎత్తి వేరుచేసినాడట. నల్లవారి చాకలియింటికి పోయి అవి తిరిగివచ్చేదాకా ఆ పడుచువాడు దిగంబరంగా కూర్చుండవలసివచ్చినదట. తరువాతి కాలంలో ఫ్లడ్ తానే ఈ సంగతి చెప్పినాడు.

1957 డిసెంబరులో సిన్సినాటివారు అతనిని సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుకు మార్చివేసినారు. అప్పటికి అతనికి 19 ఏండ్లు. పోవడం ఇష్టమా అని ఎవరూ అడుగలేదు. అక్కడ అతడు పన్నెండేండ్లు ఆడినాడు. 1964లోను, 1967లోను కార్డినల్స్ దేశ విజేతలైనప్పుడు నడిమి బయలు అతనిదే. 1963 నుండి 1969 దాకా ఏటేటా, వరుసగా ఏడుసార్లు, ఉత్తమ రక్షకులకిచ్చే బంగారు తొడుగు బహుమానం పొందినాడు. 1966లో ఏడాది పొడుగునా ఒక్క తప్పైనా అతని ఖాతాలో పడలేదు. కాని 1968 తుదిపోటీల చివరి ఆటలో, జిమ్ నార్త్‌రప్ కొట్టిన బంతి పోకడను అతడు ఒక్క క్షణం తప్పుగా అంచనా వేసినాడు. బంతి తలమీదుగా దాటిపోయినది, డిట్రాయిట్ గెలిచినది. ఏండ్ల తరబడి పట్టిన బంతులకంటే ఆ ఒక్క పట్టని బంతినే లోకం ఎక్కువగా తలచుకొన్నది.

మరుసటి ఏడాది, 1969 అక్టోబరులో, ఫోను మ్రోగినది. అతనిని ఫిలడెల్ఫియా జట్టుకు మార్చినామని కార్డినల్స్ ఉద్యోగి ఒకరు తెలిపినారు. ఏటా 90 వేల డాలర్లు ఆర్జించే 31 ఏండ్ల ప్రసిద్ధుడు. అయినా 19వ ఏట జరిగినదే మరల జరిగినది.

ఇందుకు మూలం రిజర్వు నిబంధన. దాని బీజం 1879లో పడినది. ఆటగాని ఒడంబడిక పేరుకు ఒక్క ఏడాదిదే. గడువు తీరిన పిదప అతడు సంతకం చేయకున్నా, యజమాని దానిని మరొక ఏడాదికి పొడిగించుకొనవచ్చును. పొడిగించిన ఒడంబడికలోను ఆ నిబంధనే ఉన్నదని యజమానుల వాదం. కనుక ఏడాది ఒప్పందం ఆట విడిచేదాకా సాగేది. 1922లో సుప్రీంకోర్టు, బేస్‌బాల్ రాష్ట్రాల నడుమ జరిగే వాణిజ్యం కాదనీ, గుత్తాధిపత్య నిరోధక చట్టాలు దానికి వర్తించవనీ చెప్పినది. 1953లో ఆ తీర్పునే నిలిపినది. ముష్టియుద్ధానికీ ఫుట్‌బాల్‌కూ మాత్రం ఈ మినహాయింపు దక్కలేదు.

ఆటగాండ్ర సంఘానికి పెద్ద అయిన మార్విన్ మిల్లర్‌ను ఫ్లడ్ సలహా అడిగినాడు. గెలుపు దాదాపు అసాధ్యమనీ, గెలిచినా అతని ఆట ముగిసినట్లేననీ మిల్లర్ దాచకుండా చెప్పినాడు. తరువాతివారికి మేలు కలుగునా అని ఫ్లడ్ అడిగినాడు. కలుగుతుందని జవాబు. అదే చాలునన్నాడు. 1969 డిసెంబరు 24న బేస్‌బాల్ కమిషనర్ బౌవీ క్యూన్‌కు జాబు వ్రాసినాడు. తన ఇష్టాయిష్టాలతో పనిలేకుండా కొని అమ్మదగిన వస్తువును కాననీ, ఇతర జట్లతోను మాట్లాడే హక్కు తనకున్నదనీ దాని సారాంశం. క్యూన్ నిరాకరించినాడు. 1970 జనవరిలో దావా పడినది.

ఖర్చు సంఘం భరించినది. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి ఆర్థర్ గోల్డ్‌బర్గ్ వకాల్తా పట్టినాడు. 1947లో పెద్ద జట్లలోని వర్ణభేదపు గోడను పడగొట్టిన జాకీ రాబిన్సన్ వచ్చి సాక్ష్యమిచ్చినాడు. అప్పుడు ఆడుతున్నవారిలో మాత్రం ఒక్కడైనా విచారణకు రాలేదు. యజమానుల ఆగ్రహానికి వెరవనివారు అరుదు. ఫ్లడ్ 1970లో ఆట మానివేసినాడు. 1971లో వాషింగ్టన్ జట్టులో చేరినా 13 ఆటలతోనే విరమించి స్పెయిన్ దేశానికి వెళ్లిపోయినాడు. అప్పటికి అతనికి 33 ఏండ్లు.

1972 జూన్ 19న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది. ఎనిమిదిమందిలో ఐదుగురు అతనికి వ్యతిరేకం. తొమ్మిదవ న్యాయమూర్తి, కార్డినల్స్ యజమానియైన బీరు కంపెనీలో తనకు వాటాలుండుటచేత తప్పుకొన్నారు. తీర్పు వ్రాసిన బ్లాక్‌మన్, బేస్‌బాల్ వ్యాపారమేననీ, అది రాష్ట్రాల నడుమ సాగుతున్నదేననీ, దానికిచ్చిన మినహాయింపు వింతయైనదేననీ ఒప్పుకొన్నారు. అయినా అర్ధశతాబ్దిగా నిలిచినదానిని కాంగ్రెసు సభ మార్చవలెనే కాని కోర్టు మార్చరాదన్నారు. అన్యాయం ఒప్పుకోబడినది, అన్యాయానికి గురియైనవాడు వట్టిచేతులతో మిగిలినాడు.

అయితే వ్యాజ్యం నడుస్తున్న రోజులలోనే లోకం కదిలినది. 1970లో తగవులను నిష్పక్షపాతియైన మధ్యవర్తికి అప్పగించడానికి యజమానులు అంగీకరించినారు. పెద్ద జట్లలో పదేండ్లు ఆడి, అందులో తుది ఐదేండ్లు ఒకే జట్టులో ఉన్నవానిని అతని సమ్మతి లేనిదే మార్చరాదని 1973లో ఒప్పందం జరిగినది. 1969లో అది ఉండి ఉంటే ఫ్లడ్ కదలవలసిన పనే లేదు. 1975 డిసెంబరులో, మెసర్‌స్మిత్, మెక్‌నాలీ అనే ఇరువురు బంతి విసరువారి తగవులో మధ్యవర్తి పీటర్ సైట్జ్, నిబంధన ఒక్క ఏడాదికే చెల్లునని తేల్చినాడు. ఆ మాటతో ఆటగాండ్రకు విడుదల కలిగినది. 1976లో సుమారు 50 వేల డాలర్లున్న సగటు జీతం 1980 నాటికి 1 లక్షా 40 వేలు దాటినది.

సైట్జ్ తీర్పునకు ఆధారం ఫ్లడ్ వ్యాజ్యం కాదు, ఒడంబడికలోని మాటలే. కాని ఆ మాటలను ప్రశ్నింపవచ్చునని ఆటగాండ్రకు, ప్రజలకు తెలియజేసినవారిలో ఫ్లడ్‌ను మొదట చెప్పుకోవలెను. అతడు 1997 జనవరి 20న గొంతు క్యాన్సరుతో కన్నుమూసినాడు. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెసు, పెద్ద జట్ల ఆటగాండ్ర ఉద్యోగ విషయాలలో ఆ పాత మినహాయింపును తొలగిస్తూ చేసిన చట్టానికి అతని పేరే పెట్టినది. చెట్టు నాటినవానికి దాని పండు దక్కక పోవడం లోకంలో క్రొత్త కాదు. ఫ్లడ్ ఆ సంగతి ముందే తెలిసి నాటినాడు. అందుకే బంగారు తొడుగులకంటే ఆ ఓడిన వ్యాజ్యమే అతని జీవితంలో గొప్ప ఘట్టమని మేము తలస్తాము.