సముద్ర ప్రాంత ప్రణాళిక: ఫలితాల మదింపు

చేపల వేట, నౌకాయానం, చమురు వెలికితీత, పర్యాటకం, జీవజాతుల సంరక్షణ వంటి అవసరాలకు సముద్రంలో ఎక్కడ, ఎప్పుడు చోటు కల్పించాలో నిర్ణయించే విధానమే సముద్ర ప్రాంత ప్రణాళిక. దీని ఫలితాలను మదింపు చేసే పద్ధతిపై యునెస్కోకు చెందిన అంతర్ ప్రభుత్వ సముద్ర శాస్త్ర కమిషన్ 2014లో మార్గదర్శిని వెలువరించింది.

ఇటువంటి మదింపునకు ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ ప్రముఖ ఉదాహరణ. 2004లో అమల్లోకి వచ్చిన మండలాల విభజనతో అక్కడ వేట నిషిద్ధ ప్రాంతం 5 శాతం లోపు నుంచి సుమారు 33 శాతానికి పెరిగింది. చట్టం ప్రకారం ప్రతి 5 ఏళ్లకు స్థితిగతుల నివేదిక వెలువడుతుంది. నిర్వహణ తీరును స్వతంత్ర నిపుణులు పరిశీలిస్తారు. నిషిద్ధ మండలాల్లో కోరల్ ట్రౌట్ చేపలు వృద్ధి చెందాయి. అయినప్పటికీ 2016, 2017 సంవత్సరాల్లో జలాలు వేడెక్కి పగడాలు పెద్దఎత్తున పాలిపోయాయి. మండలాల హద్దులు వేటను నియంత్రించగలవు గానీ నీటి వేడిని తగ్గించలేవు. అందువల్ల ప్రణాళిక లోపాలను, దాని పరిధికి వెలుపలి కారణాలను వేరుచేసి చూడటమే మదింపులో కీలకం.

నార్వేతో 2019లో కుదిరిన అవగాహన మేరకు పుదుచ్చేరి, లక్షద్వీప్‌లను భారత్ ప్రయోగాత్మక ప్రణాళికకు ఎంపిక చేసింది. మత్స్య సంపద, తీర స్థితి, మత్స్యకారుల రాబడి వివరాలను ఆరంభంలోనే నమోదు చేస్తేనే, ప్రణాళికతో ఎవరికి మేలు జరిగిందో, ఎవరు నష్టపోయారో తర్వాత నిర్ధారించడం సాధ్యమవుతుంది.