పెరటి సందు

అనకాపల్లి అనగానే ఎవరికైనా బెల్లం గుర్తుకు వస్తుంది, ఆ తరువాత నూకాలమ్మ జాతర. నాకు వీటితో పాటు మా తాతగారింటి పెరటి సందు కూడా గుర్తుకు వస్తుంది. రెండు వరుసల ఇళ్ళ వెనుక గోడల మధ్య, ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకైన దారి. పాకీదొడ్డి ఎత్తే ఆమె రేకు, చీపురు, బుట్ట పట్టుకుని తెల్లవారక ముందే అటునుంచి వచ్చి అటునుంచే వెళ్ళేది. కాళ్ళకు చెప్పులుండేవి కావు. పండుగనాడు మా మామ్మ ఆమె కొంగులోకి అరిసెలు పైనుంచి జారవిడిచేది, చెయ్యి తగలకుండా.

ఒక వానాకాలం ఆమె చాలా రోజులు రాలేదు. భర్త పోయాడన్నారు. అతను కాలువల్లో దిగి పూడిక తీసేవాడు. మొదట జ్వరం, పిక్కల నొప్పులు, ఎర్రబడిన కళ్ళు. ఆ పైన పచ్చకామెర్లు. "తాగి తాగి పోయాడు" అని వీధి వీధంతా తీర్పు చెప్పింది. రక్తపరీక్ష జరగలేదు కనుక అది ఏ రోగమో ఈనాడు నేనూ తేల్చలేను. కానీ ఆ తీర్పు అంత సులువుగా ఎలా వచ్చిందన్న ప్రశ్న నన్ను వైద్యచరిత్ర వైపు నడిపించింది.

జ్వరం, కామెర్లు, మూత్రపిండాల వాపు కలిసి వచ్చే ఒక జబ్బును 1886లో హైడెల్‌బర్గ్ వైద్యుడు అడాల్ఫ్ వైల్ వర్ణించాడు. 1915లో జపాను శాస్త్రవేత్తలు ఇనాడా, ఇడో దానికి మూలమైన మెలికల సూక్ష్మజీవిని పట్టుకున్నారు. అదే లెప్టోస్పైరా. ఎలుకల మూత్రంతో నీటిలో, బురదలో చేరి, చర్మంపై గీతల గుండా, కళ్ళ గుండా ఒంట్లోకి ప్రవేశిస్తుంది. 1934లో ఫెయిర్లీ అనే వైద్యుడు లండన్ మురుగుకాలువల కార్మికులలో ఈ జబ్బును గురించి వ్రాశాడు. అంటే మా వీధి సారా మీద నేరం మోపే నాటికే ఈ జ్ఞానం పాతబడిపోయింది. వేళకు గుర్తిస్తే పెన్సిలిన్‌కు లొంగే జబ్బు ఇది.

వట్టి కాళ్ళ కథ మరొకటి. కైరోలో ఆర్థర్ లూస్ చేతిమీద కొంకిపురుగు పిల్లలున్న నీటిచుక్క పొరపాటున ఒలికింది. చర్మం మండింది, కొన్ని వారాలకు ఆ పురుగు గుడ్లు ఆయన మలంలోనే కనిపించాయి. నోటితో మింగకుండానే, చర్మాన్ని తొలుచుకుని పురుగు లోపలికి పోగలదని అలా తెలిసింది. ఒక జత బూట్లు ఎంత పెద్ద మందో చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

ఉత్తరాంధ్ర పట్టణాలలో ఈ పని ఎక్కువగా రెల్లి కులస్థుల మీద పడింది. కోలారు బంగారు గనులలోనూ తెలుగు కుటుంబాలు ఇదే పని చేశాయి. అటువంటి ఇంట 1966లో పుట్టిన బెజవాడ విల్సన్, మన ఎస్.ఆర్. శంకరన్ గారి వంటి వారి తోడుతో సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నడిపించారు. పాకీదొడ్లను నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, మరింత విస్తృతంగా 2013లో మరొకటి వచ్చాయి. మురుగుగోతిలో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దానిని 30 లక్షలు చేసింది.

ఇక్కడే నాకొక చిక్కు కనబడుతుంది. 2015 నవంబరులో కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు ఆంధ్ర కార్మికులు, వారిని కాపాడబోయిన ఆటోడ్రైవరు మరణించారు. దేశమంతా తెలిసింది. విషవాయువు నిమిషాల్లో, గోతిలోనే, పదిమంది ముందు చంపుతుంది. లెప్టోస్పైరా అలా కాదు. బురద తగిలిన వారానికో రెండు వారాలకో ఇంట్లో, మంచం మీద పడవేస్తుంది. అప్పటికి ఆ గోతిపై మూత పడిపోయి ఉంటుంది. పనికీ చావుకీ మధ్యనున్న ముడి ఎవరికీ కనబడదు. అంటురోగం సోకే ప్రమాదమున్న పనులకు 1923 నాటి నష్టపరిహార చట్టపు మూడవ షెడ్యూలులో చోటు లభించినా, ఆ ముడి విప్పి చూపవలసిన పరీక్ష జరగనప్పుడు ఆ చోటు ఖాళీగానే మిగిలేది.

మా పెరటి సందు ఇప్పుడు లేదు. సెప్టిక్ ట్యాంకులు వచ్చాక అటువైపు వారూ ఇటువైపు వారూ గోడలు జరుపుకుని దానిని కలిపేసుకున్నారు. ఆ ట్యాంకులు నిండినప్పుడు మళ్ళీ ఒక మనిషినే పిలుస్తారు. అతనికి జ్వరం వస్తే, ముందుగా ఏం పని చేస్తాడని అడగాలి. ఏం తాగుతాడని కాదు. ఆనాడు మా ఇంట్లో ఒక్కరమూ అలా అడగలేదు.